ముల్లు చూపని వేడి

కిందటివారం మనం ప్రవీణను ట్రాక్ అంచున, చేతిలో థర్మామీటరుతో, నోట్లో సగం మాటతో వదిలి వచ్చాం. ఆడబిడ్డ రూపాలి నడుపుతున్న చిన్న తెల్ల కారు షెడ్డులోకి వచ్చి ఆగినప్పుడు, స్టీరింగ్ వెనక మీటరులో ఇంజన్ ఆయిల్ వేడి నూట అయిదు డిగ్రీల దగ్గరే ఉంది. ఎర్రగీత నూట ముప్పై దగ్గర. అంటే అంతా క్షేమం. కానీ ప్రవీణ ఊరికే వంగి, పిస్తోలులా ఉండే తన థర్మామీటరును ఇంజన్ అడుగున నూనె నిలవుండే చాంబర్ వైపు గురిపెడితే అది నూట ముప్పై ఎనిమిది చూపించింది. ఆ అంకె నోటితో చెప్పేలోపే భర్త జ్ఞానేశ్వర్ చెయ్యి ఊపాడు, రూపాలి క్లచ్ వదిలింది, కారు మళ్లీ ట్రాక్ ఎక్కింది.

రెండింటిలో ఒకటి అబద్ధం చెప్తోంది. ఏదో తేలేదాకా ప్రవీణకు ఊపిరి ఆడేలా లేదు.

థర్మామీటరు తనదే. ఇంటి ముందుగదిలో నడిపే చిన్న బేకరీలో పొయ్యి వేడి చూసుకోవడానికి కొన్నది. దాన్ని నమ్మే రోజూ పావ్‌లు, నాన్‌కటాయిలు కాలుస్తుంది. అయినా ఈరోజు ఎండ మామూలు ఎండ కాదు. ఏప్రిల్ చివరి నాందేడ్ ఎండ. గాలి వీస్తే పొయ్యి తలుపు తీసినట్టుంది. ఎండకు పరికరమే చెడిపోయిందేమో. తను పట్టుకోవడంలోనే తప్పుందేమో. అలా అనుకోవడంలో ఆమెకు కొంచెం ఊరట దొరికింది. థర్మామీటరు తప్పయితే రూపాలికి ఏమీ కాదు.

ముద్ఖేడ్ వైపు వెళ్లే దారిలో ఎప్పుడో మూతపడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు స్థలం అది. కొన్న ఆసామి గోదాములు పడగొట్టించి, తారు పోయించి, కార్ల సరదా ఉన్నవాళ్ల కోసం ట్రాక్ చేశాడు. ఒకవైపు పొడవైన తిన్నని దారి, దాని చివర పాత ప్రహరీ గోడ ముందు బిగుతైన మలుపు. గోడకు అరిగిన టైర్లు పేర్చి కట్టారు. రేపు మధ్యాహ్నం పుణె నుంచి ఒక రేసింగ్ టీము వాళ్లు వచ్చి, మరాఠ్వాడాలో నడపగలిగిన వాళ్లందరినీ ఇక్కడ నడిపించి చూసి, ఒక్కరిని ఎంచుకుంటారు. ఇటువైపు వాళ్లు రావడం ఇదే మొదలు. మళ్లీ వస్తామని ఎవరికీ మాట ఇవ్వలేదు.

రూపాలి పుట్టింది తెలంగాణ సరిహద్దు పల్లె కర్ఖేలిలో. అన్న ఇంట్లో ఉంటూ నాందేడ్‌లో ఆడవాళ్లకు కారు నేర్పే చోట పనిచేస్తోంది. రోజంతా భయపడే అమ్మల పక్కన కూర్చుని రెండో గేరు దాటకుండా తిరిగే పిల్ల, ఈ ట్రాక్ ఎక్కితే మాత్రం వేరే మనిషి. ఒకప్పుడు జ్ఞానేశ్వరే ఇక్కడ నడిపేవాడు. హింగోలి గేట్ అవతల ఉన్న తన గ్యారేజీలో జాక్ జారి మోకాలు నలిగినప్పటి నుంచి క్లచ్ గట్టిగా తొక్కలేడు. అప్పటినుంచి తన ఆశంతా చెల్లెలి మీదే పెట్టుకున్నాడు.

గేటు పక్కన రఖమాబాయి చాయ్ బండి ఉంది. ప్రవీణ దాదాపు పరుగులాంటి నడకతో అక్కడికి చేరింది. గిన్నెలో నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి, చాయ్‌పత్తి ఇంకా వెయ్యలేదు. ప్రవీణ ఏమీ అడగకుండా ఉడికే నీళ్ల మీదికి థర్మామీటరు పెట్టి మీట నొక్కింది. తొంభై ఎనిమిది. మళ్లీ నొక్కింది. అంతే.

"కాయ్ ఝాల, తాయీ?" అంది రఖమాబాయి, ఏమైందమ్మా అని.

ప్రవీణ అంకెనే చూస్తోంది. ఉడికే నీళ్లకు ఎంత వేడి ఉండాలో అంతే ఉంది. థర్మామీటరు నిజమే చెప్తోంది. అబద్ధం చెప్తున్నది రూపాలి కళ్ల ముందున్న ముల్లు.

ప్రవీణ ట్రాక్ వైపు తిరిగింది. ఇంజన్ల సంగతి ఆమెకు అంతగా తెలియదు గానీ, వేడెక్కిన నూనె ఏం చేస్తుందో మాత్రం పెళ్లయిన నాటి నుంచీ వింటూనే ఉంది. మితి మీరి కాగితే నీళ్లలా పలచబడుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉండాల్సిన సన్నటి పొర చిరుగుతుంది. ఇక ఆ ఇంజన్ ఏ క్షణాన పట్టేసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆమె తండ్రి పాపయ్య రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. గూడ్సు బండి మీద ఉన్న రోజుల్లో బండి ఆగిన చోటల్లా దిగి, ఇరుసు పెట్టెలను అరచేతి వెనకవైపుతో తాకి చూసేవాడట. ఒకసారి అలా తాకకుండా వదిలేసిన వ్యాగనుకు అడవిలో మంటలంటుకున్న సంగతి ఇంట్లో అన్నం ముందు కూర్చుని చాలాసార్లు చెప్పాడు. చిన్నప్పుడు ఆ కథ విని ప్రవీణ నిద్రలో లేచి కూర్చునేది.

భర్తకు ఫోను చేసింది. షెడ్డులో సామాన్ల పెట్టె మీద ఫోను మోగడం ఆమెకే వినిపించింది. జ్ఞానేశ్వర్ దూరంగా, ప్రహరీ గోడ మలుపు దగ్గర, ఎండలో నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉంటున్నాడు. కారు వచ్చినప్పుడు మాత్రం షెడ్డు దాకా కుంటుకుంటూ వచ్చి, పంపించి మళ్లీ అక్కడికే పోతున్నాడు.

తిన్నని దారి మొదట్లో కైలాశ్ జెండాలు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ట్రాక్ మీద బండ్లు ఆపినా, వదిలినా అతనే. ఎర్ర జెండా చూపించమని ప్రవీణ అడిగింది. తను చెయ్యెత్తేదాకా ఏం జరిగినా ఆపొద్దని జ్ఞానేశ్వర్ అన్న మరీమరీ చెప్పి వెళ్లాడని అతను మరాఠీలో నసిగాడు. ఇంతలో కారు చప్పుడు దగ్గరైంది. రెండోసారి అడిగే తీరిక లేదు. ప్రవీణ అతని ఒళ్లోంచి ఎర్ర జెండా లాక్కుంది. అతను పట్టుకోబోయి, ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె తారు అంచుకు పోయి రెండు చేతులతో జెండా ఊపింది. తెల్ల కారు వేడిగాలిని ఆమె ముఖాన కొట్టి దాటిపోయింది. వేగం తగ్గలేదు. చూసిందా, చూడలేదా తెలియదు. కారు చిన్నదవుతూ గోడ వైపు పోయింది. మలుపులోకి తిరిగి, పడగొట్టకుండా మిగిలిన పాత గోదాము చాటుకు వెళ్లింది. తర్వాత చప్పుడు లేదు.

ప్రవీణ జెండా దించడం మరిచిపోయి నిలబడింది. గోడ దగ్గర జ్ఞానేశ్వర్ రెండడుగులు ముందుకు వేయడం కనిపించింది. అతను అటువైపు చూస్తున్నాడు. ఆ చూపు ఏం చెప్తోందో ఇంత దూరం నుంచి తెలియడం లేదు. ప్రవీణకు దేవుళ్ల పేర్లు గుర్తుకు రాలేదు. నాలుక మీద రూపాలి పేరొక్కటే తిరుగుతోంది.

గోదాము అవతలి కొస నుంచి తెల్ల ముక్కు బయటికొచ్చింది. మెల్లగా, ఎద్దుబండిలా, పక్కకు తీసుకుని వస్తోంది. జెండా చూసే ఉంది ఆ పిల్ల. ఎలా నేర్పారో అలాగే చప్పున బ్రేకు తొక్కకుండా, మెల్లగా కాలు తీసింది.

"ఏమైంది వదినా? మంచిగనే పోతున్న గద," అంది రూపాలి షెడ్డులోకి వచ్చాక, హెల్మెట్ అద్దం పైకి తోసి. చెమటలో తడిసిన మొహం వెలిగిపోతోంది. రెండు రోజులుగా ఆమె మొహంలో ఆ వెలుగే ఉంది.

ప్రవీణ ఇంజన్ ఆపొద్దని, అలాగే నడవనివ్వమని సైగ చేసింది. ఆపితే లోపలి నూనె కదలకుండా కాలిన ఇనుము మీదే నిలిచి మాడుతుందని ఆమెకు తెలుసు. బానెట్ ఎత్తింది. వంగి చాంబర్‌కు గురిపెట్టింది. నూట నలభై ఒకటి. మీటరులోకి తొంగి చూసింది. నూట నాలుగు.

అప్పటికి జ్ఞానేశ్వర్ వచ్చాడు. కుంటుతూ గబగబా నడిచినందుకు రొప్పుతున్నాడు. ఎవరు ఆపమన్నారని కైలాశ్‌ను అడిగాడు, కైలాశ్ ప్రవీణ వైపు చూశాడు. ప్రవీణ థర్మామీటరు భర్త ముందు పెట్టింది.

అతను ఆ అంకె వైపు సరిగా చూడలేదు. గేటు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు ప్రవీణకు అసలు భయం మొదలైంది. నూట నలభై అన్న మాట చెవిన పడితే చాలు, బట్టలు చూసుకోకుండా బండి కిందికి దూరే మనిషి అతను. అలాంటివాడు కదలకుండా నిలబడ్డాడంటే ఆ అంకె అతనికి కొత్త కాదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. మీటరు నుంచి వచ్చే వైరు ఆమెకు తెలుసు. చలికాలంలో కారు కడుతున్నప్పుడు దానికి పసుపు టేపు చుట్టింది తనే. అది కిందికి దిగి చాంబర్ అడుగున సెన్సర్‌కు తగులుకోవాలి. ఇప్పుడు అది కిందికి దిగలేదు. ముందుకు తిరిగి, రేడియేటర్ పక్కనుంచి పోయి, ఆయిల్ కూలర్ నుంచి నూనె చల్లబడి తిరిగొచ్చే పైపు దగ్గర ఆగింది. ఎదురుగాలి నేరుగా తగిలే చోట సెన్సర్ బిగించిన కొత్త ఇత్తడి బిరడా మెరుస్తోంది. వేడి నూనె ఉన్నది ఒక చోట, వేడి చూస్తున్నది ఇంకో చోట.

"ఈ వైరు ముంగటికి ఎప్పుడు పోయింది?"

"మొన్న," అన్నాడు జ్ఞానేశ్వర్.

"ఎవరు మార్చిన్రు?"

అతను గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. "నేనే."

తర్వాత అతను చెప్పింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కూలర్ తుక్కులో దొరికిన పెద్ద జీపుది, అది మంచిదే. కానీ బంపర్ వెనక చోటు చాలక వంకరగా కూర్చుంది, చుట్టూ సందులు మిగిలాయి. నాలుగు రౌండ్లు గట్టిగా తిప్పితే చాలు, ముల్లు ఎర్రగీత ఎక్కుతోంది. ఎక్కగానే రూపాలి కాలు తీస్తోంది. తీయాలని నేర్పింది తనే. కానీ తీసిన ప్రతిసారీ ఈ ట్రాక్ మీద నడిపే మిగతావాళ్లకంటే వెనకబడుతోంది.

"రేపు గిట్లనే తీస్తె ఎవ్వలు చూస్తరు ఆమె దిక్కు?" అన్నాడు. "ఇంజన్ పోతె పోనీ అనుకున్న. ఇంజన్ మల్ల కట్టుకుంట. రేపటి దినం మల్ల రాదు."

"ఇంజన్ ఒక్కటే పోతదా? ఆ గోడ ముంగట పట్టేసుకుంటె చక్రాలు గూడ నిలవడతయి. పైపు పలిగి నూనె సైలెన్సర్ మీద పడితె మంట లేస్తది. లోపల కూసున్నది ఎవరు?"

అతను షెడ్డు స్తంభానికి ఆనుకున్నాడు. ప్రవీణ చూపు అతని పక్కన నేల మీద పడింది. గోడ మలుపు నుంచి అతను వస్తూ వస్తూ మోసుకొచ్చిన ఎర్ర సిలిండరు అక్కడుంది. మంటలార్పేది. అది షెడ్డులో గోడకు తగిలించి ఉండాల్సింది. పొద్దుటి నుంచీ అతను ఎండలో ఆ మలుపు దగ్గరే ఎందుకు నిలబడ్డాడో, నీళ్లు తాగడానికి కూడా ఎందుకు రాలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. చెల్లెలికి ఏం కావచ్చో అతనికి తెలియక కాదు. తెలిసే, పక్కన కాపలా కాశాడు.

"అందుకేనా ఆడ నిలవడ్డవ్?" అంది ప్రవీణ. "ఆ కాలుతోని ఎంత దూరం ఉరుకుతవ్ నువ్వు?"

జ్ఞానేశ్వర్ మొహం ఒక్కసారి ముసలిదైపోయింది. నలిగిన మోకాలి మీదికి చెయ్యి పోయింది, అక్కడే ఉండిపోయింది.

వెనక ఇంజన్ ఆగింది. ఇద్దరూ తిరిగి చూశారు. రూపాలి కారు దిగి ఉంది. హెల్మెట్ చంకలో పెట్టుకుని, తలుపు పట్టుకుని నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో అడగాల్సిన పని లేదు.

ఆమె అరుస్తుందనుకుంది ప్రవీణ. అరవలేదు. వంగి, పసుపు టేపు చుట్టిన వైరు ఎక్కడికి పోయిందో తన కళ్లతో చూసుకుంది. లేచి అన్న ముందుకు వచ్చింది.

"మొన్నటి సంది నేను మంచిగ నడుపుతున్న అనుకున్న అన్నా," అంది. "ముల్లు కిందనే ఉంటుంటె, నా చెయ్యి కుదిరింది, బండి నా మాట ఇంటున్నది అనుకున్న. రాత్రి వదినెకు గూడ చెప్పిన, ఇగ నాకు భయం పోయిందని."

"నడిపింది నువ్వే రూపా. ముల్లు నడపలే."

"అది నాకు ఎట్ల తెలుస్తది ఇగ? భయం నిజంగ పోయిందా, నువ్వు దాచిపెట్టినవా?"

జ్ఞానేశ్వర్ చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటి వెళ్లి, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని, చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకుంది. నీళ్లు కారిపోయాక కూడా ఆమె ముఖం తుడుచుకోలేదు. ప్రవీణ దగ్గరికి పోయి నిలబడింది. తనకు కోపం భర్త మీద. కానీ ఆ పిల్ల ముందు అతన్ని ఇంకో మాట అంటే, వాళ్లిద్దరి మధ్య తెగినది మళ్లీ అతకదేమోనని భయం. కైలాశ్ ఎప్పుడో తన కుర్చీ దగ్గరికి జారుకున్నాడు.

నీడ షెడ్డు గోడ దాటి బయటికి పాకింది. చివరికి రూపాలే లేచి వచ్చింది. కారును ట్రక్కు ఎక్కించి ఇంటికి తీసుకెళ్దామని ప్రవీణ మెల్లగా అంది. రూపాలి తల అడ్డంగా ఊపింది.

"సెన్సర్ మల్ల చాంబర్‌ల పెట్టు అన్నా. ఎంత చూపితె అంత చూపనీ. దానికి తగ్గట్టు నడుపుత. రాకుంటె రాకపాయె."

ఆ మాటకు జ్ఞానేశ్వర్ వెంటనే బండి కిందికి దూరాడు. అతను చేయగలిగిన క్షమాపణ అదొక్కటే అన్నట్టు. నూనె దింపితే నల్లగా, నీళ్లలా, మాడిన వాసనతో జారింది. ప్రవీణ తన బేకరీ నుంచి తెచ్చిన తెల్ల గుడ్డను బకెట్టు మీద కట్టింది. అంతా వడగట్టి, గుడ్డను వెలుతురుకు పట్టుకుని ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. ఇనుప రవ్వలు, ఇత్తడి తళుకు, ఏమీ లేవు. జ్ఞానేశ్వర్ ఊపిరి వదిలాడు. మధ్యాహ్నం నుంచి మొదటిసారి భార్య కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, కానీ కరగనూ లేదు.

సెన్సర్ పాత చోటికి చేరింది. కొత్త నూనె పోశారు. ఇక మిగిలింది కూలర్. కారు ముందు షెడ్డులోని టేబుల్ ఫ్యాను పెట్టి, రఖమాబాయి బండి మీది దేవుడి పటం దగ్గరున్న అగరుబత్తీ తెచ్చి వెలిగించి పట్టుకుంది ప్రవీణ. పొగ కూలర్ లోంచి పోకుండా చుట్టూ ఉన్న సందుల్లోంచి హాయిగా జారిపోయింది. గాలి వచ్చినా కూలర్‌కు అందడం లేదు. తన పొయ్యి తలుపు వంగినప్పుడు వేడి అంతా ఆ సందులోంచే పోవడం ఆమె చూసింది, ఇదీ అలాంటిదే. రఖమాబాయి ఖాళీ నూనె డబ్బా ఇచ్చింది. జ్ఞానేశ్వర్ కత్తెరతో రేకు చీల్చి, బంపర్ జాలీ నుంచి కూలర్ దాకా నాలుగువైపులా మూసిన తూములా వంచాడు. రూపాలి అంచులకు పాత ట్యూబు రబ్బరు దట్టించింది. ముగ్గురూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. మళ్లీ అగరుబత్తీ పెట్టి చూస్తే ఈసారి పొగ తిన్నగా కూలర్‌లోకి పోయి వెనక నుంచి సన్నగా చీలి వచ్చింది.

పొద్దు దిగుతోంది గానీ వెలుతురు బాగానే ఉంది. రూపాలి హెల్మెట్ పెట్టుకుంది. పక్క సీటు తలుపు తెరిచి వదినను పిలిచింది.

"ముల్లు దిక్కు చూస్తె నాకు ఇగ ఏం నమ్మాల్నో సమజయితలేదు. నువ్వు చూడు వదినా. నువ్వు చెప్తె కాలు తీస్త."

ప్రవీణ ఎప్పుడూ ఆ కారులో ట్రాక్ మీదికి వెళ్లలేదు. జెయింట్‌వీల్ ఎక్కమన్నా ఎక్కని మనిషి. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ సాయంత్రం ఈ పిల్లకు నమ్మడానికి ఇంకెవరూ మిగల్లేదని తోచి, భర్త పాత హెల్మెట్ తలకు బిగించుకుని కూర్చుంది. జ్ఞానేశ్వర్ ఇద్దరి బెల్టులూ లాగి చూశాడు. తలుపు మూసి తప్పుకున్నాడు.

మూడు రౌండ్లు గట్టిగా, ఒక రౌండు మెల్లగా. గట్టిగా తిప్పాక మెల్లగా ఒక చుట్టు తిప్పితే నూనెకు తేరుకునే వీలుంటుంది. అదీ ఒప్పందం. మొదటి మలుపుకే ప్రవీణ భుజం తలుపుకు ఒరిగింది. ప్రహరీ గోడ కారు అద్దం నిండా పెరిగి, ఇక తగులుతుందనగా పక్కకు తిరిగిపోయింది. ఆమె దారి వైపు చూడటం మానేసి ముల్లు మీద కళ్లు పెట్టింది. నూట పది. నూట పద్దెనిమిది. ఇరవై రెండు. ప్రతి అంకె పైకి చదివింది. తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినిపించింది. మూడో రౌండులో ముల్లు నూట ఇరవై ఆరు దాకా పాకి, వణికి, అక్కడే నిలిచింది.

"నిలవడ్డది," అంది ప్రవీణ. "రూపా, నిలవడ్డది."

మెల్లగా తిప్పిన రౌండులో ముల్లు దిగడం కళ్లారా చూసింది. నిజమైన ముల్లు నిజంగా దిగుతోంది. సాయంత్రమైంది కాబట్టి గాలి చల్లబడింది, రేపు మధ్యాహ్నం ఎండలో ఇంత సుళువు కాదని తెలుసు. అయినా గుండె మీద నుంచి ఏదో బరువు లేచింది. రూపాలి నవ్వుతోందని ఆమె భుజాలను బట్టే తెలిసింది. ఇంకో మూడు రౌండ్లు, అంది రూపాలి. ప్రవీణ సరే అంది.

గోదాము వెనక పొడవుగా ఎడమకు సాగే మలుపు ఒకటి ఉంది. బండి అంతా కుడికి ఒరిగి చాలాసేపు అలాగే పోతుంది. ఆ మలుపు మధ్యలో, మీటరు కింద మూలన, చిన్న ఎర్ర దీపం వెలిగింది. నూనె డబ్బా బొమ్మ ఉన్న దీపం. తాళం తిప్పినప్పుడు క్షణకాలం వెలిగి ఆరిపోవడమే తప్ప, నడుస్తున్నప్పుడు ప్రవీణ దాన్ని ఎన్నడూ చూడలేదు. వేడి చెప్పేది ముల్లు. నూనె అందాల్సిన చోటికి అందడం లేదని చెప్పేది ఆ దీపం. ముల్లు నూట ఇరవై నాలుగు దగ్గర నిశ్చింతగా ఉంది.

మలుపు దాటగానే దీపం ఆరిపోయింది.

రూపాలి కాలు తీసింది. కారు మెల్లబడింది. షెడ్డు దగ్గర జ్ఞానేశ్వర్ రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, పొద్దుటంత భయం లేకుండా, వీళ్ల కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు.

"చూసినవా?" అంది రూపాలి.

"చూసిన."

"మలుపుల నూనె ఒకదిక్కు ఒరిగి ఉండచ్చు వదినా. అట్లగూడ వెలుగుతది. లేకుంటె లోపల బేరింగులు అప్పుడే పోయి ఉండచ్చు. ఇప్పి చూస్తెగాని తెల్వదు. ఇప్పితె రేపటికి కట్టుడు కాదు." ఆమె చూపు దారి మీదే ఉంది. "అన్నకు చెప్పకు. ట్రయల్ అయిపోనీ. తర్వాత నేనే చెప్పుకుంట."

కారు షెడ్డు నీడలోకి వచ్చి ఆగింది. జ్ఞానేశ్వర్ కుంటుకుంటూ వచ్చి ప్రవీణ వైపు కిటికీలోకి వంగాడు. ఎంతదాకా పోయిందని అడిగాడు. నూట ఇరవై ఆరు, ఆ పైకి పోలేదు అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి. కిటికీ అంచును అరచేత్తో మెల్లగా తట్టాడు.

"నువ్వు చెప్తె నమ్ముత," అన్నాడు భార్యతో. "ఇంకేమన్న కనవడ్డదా?"

సీట్ల నడుమ, అతనికి కనిపించని చోట, గ్లౌజు తొడిగిన రూపాలి చెయ్యి వచ్చి ప్రవీణ మణికట్టును గట్టిగా పట్టుకుంది. ప్రవీణ హెల్మెట్ అద్దం పైకి తోసి, భర్త వైపు తిరిగింది.